పూడిల్ పిల్ల: ఇంటికీ, వేటకూ

పూడిల్ అనగానే మనలో చాలామందికి గుర్తుకు వచ్చేది కాలెండరు బొమ్మల్లోని కుక్క. తలమీద ఒక బంతి, కాళ్ళకు నాలుగు బంతులు, తోక చివర మరొక బంతి. మిగిలిన ఒళ్ళంతా నున్నగా గొరిగి, మెడకు రిబ్బను కట్టి, దొరసాని ఒడిలో కూర్చోబెట్టిన కుక్క. "ఇది కూడా ఒక కుక్కేనా? దొంగ వస్తే మొరుగుతుందా, పరుగెత్తుతుందా?" అని మన పల్లెల్లో పెద్దలు నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. కాని ఆ బంతుల క్షవరం చలినీటిలో ఈదే పనికుక్క కొరకు పుట్టిందని వింటే ఆ పెద్దలే ఆశ్చర్యపడతారు.

ఈ కుక్క పేరులోనే దాని పుట్టుక ఉన్నది. జర్మనీ దేశస్థులు దీనిని 'పుడెల్‌హుండ్' అన్నారు. 'పుడెల్న్' అంటే నీళ్ళలో చపచపలాడడం, 'హుండ్' అంటే కుక్క. ఫ్రాన్సులో దీని పేరు 'కనీష్'. అక్కడ 'కాన్' అంటే ఆడ బాతు. ఒక దేశం నీటిని బట్టి, మరొక దేశం బాతును బట్టి పేరు పెట్టాయి. వేటగాడు కొట్టిన బాతు మడుగులో పడినప్పుడు ఈదుకుంటూ పోయి, నోట కరచుకొని, పంటిగాటు పడకుండా తెచ్చి యజమాని చేతిలో పెట్టడం దీని వృత్తి. ఒళ్ళంతా గొర్రెబొచ్చు వంటి ఉంగరాల జుట్టు ఉన్న కుక్క నీళ్ళలో దిగితే ఆ జుట్టు తడిసి బరువెక్కుతుంది. అందుకని వెనుక భాగాన్ని గొరిగి, గుండె, ఊపిరితిత్తులు ఉండే రొమ్ము భాగంలోనూ కాళ్ళ కీళ్ళ దగ్గరా చలి తగలకుండా జుట్టు ఉంచారని పూర్వమునుండి చెబుతారు. పనికొరకు పుట్టిన క్షవరమే తరువాత రాజుల ఇండ్లలో అలంకారమై, ఆ తరువాత ప్రదర్శనలలో తప్పనిసరి వేషమై కూర్చున్నది.

చరిత్రలో పేరు మిగిలిన పూడిల్ ఒకటి ఉన్నది. ఇంగ్లాండులో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరిగిన రోజుల్లో, రాజు పక్షాన పోరాడిన రూపర్ట్ యువరాజు వెంట 'బోయ్' అనే తెల్లని వేట పూడిల్ ఉండేది. పార్లమెంటు పక్షంలో ప్యూరిటనులు ఎక్కువ. ఆ కుక్క మంత్రగత్తె అనీ, దానికి తుపాకి గుండు తగలదనీ ఆనాడు కరపత్రాలు అచ్చువేశారు. రాజు పక్షం వారేమో అట్టి మాటలను హేళన చేస్తూ తామూ కరపత్రాలు వేశారు. 1644 జూలై 2వ తేదీన మార్‌స్టన్ మూర్ యుద్ధంలో ఆ కుక్క చచ్చిపోయింది. ఒక మూగజీవి మీద అంత కాగితం ఖర్చుచేసిన భక్తిపరులను తలచుకుంటే, కుక్క కంటె మనిషి ఊహే ఎక్కువ పరుగెత్తుతుందని మాకు తోచింది.

పూడిల్‌లో రకాలు ఎత్తును బట్టి ఉంటాయి. అమెరికా లెక్క ప్రకారం భుజం దగ్గర 10 అంగుళాలకు మించనిది టాయ్, 10 నుండి 15 అంగుళాల లోపు మినియేచర్, 15 అంగుళాలు దాటినది స్టాండర్డ్. ఐరోపా లెక్కలో నాలుగు రకాలున్నాయి. వేటకు పనికివచ్చేది ముఖ్యంగా పెద్దది, అనగా స్టాండర్డ్. ఇక్కడనుండి మేము చెప్పేదంతా దాన్ని గూర్చే.

రెండు దారులుగా చీలిన జాతి

అమెరికాలో 1960 మొదలుకొని 1982 వరకు నమోదైన కుక్కలలో పూడిల్‌దే మొదటి స్థానం. ఇన్నేళ్ళు వరుసగా జనం మెచ్చితే కుక్కకు మేలే జరగాలి గదా? జరగలేదు. కొన్నవారిలో ఎక్కువమంది కోరినది ఇంట్లో ఇమిడే చిన్న కుక్కను, అందమైన జుట్టును. పెద్ద పూడిల్‌లోనేమో ప్రదర్శనలలో బహుమతులు పొందిన కొద్ది కుక్కల సంతానమే 20వ శతాబ్దపు మధ్యకాలంలో దేశమంతా వ్యాపించింది. దాని ఫలితంగా రక్తసంబంధం దగ్గరైపోయి, చర్మంలోని నూనె గ్రంథులు చెడిపోయే వ్యాధి, అడ్రినల్ గ్రంథి పనిచేయక నీరసించే ఆడిసన్ వ్యాధి ఈ జాతిని పట్టుకొన్నాయని 2015లో ప్రచురించిన పరిశోధన వివరించింది. మేనరికాలను గూర్చి మన ఊళ్ళలో డాక్టర్లు చెప్పే మాట ఇక్కడ కుక్కలకూ వర్తిస్తున్నది.

పని సంగతి ఇంకొక రకం. అందానికే ఎంచుకొన్న చోట పని గుణాన్ని ఎవరూ పరీక్షించరు. పరీక్షించని గుణం ఉన్నదో పోయిందో తెలియకుండానే తరాలు గడిచిపోతాయి. ఈనాటికీ అమెరికన్ కెన్నెల్ క్లబ్బు పెద్ద పూడిల్‌ను వేటకుక్కల వర్గంలో చేర్చలేదు, వేటతో సంబంధం లేని కుక్కల వర్గంలో ఉంచింది. అదే దేశంలో యునైటెడ్ కెన్నెల్ క్లబ్బు దానిని తుపాకి వేట కుక్కల వర్గంలో పెట్టింది. ఒకే కుక్క, ఒకే దేశం, రెండు తీర్పులు!

అయినా అమెరికాలోనూ కెనడాలోనూ కొన్ని కుటుంబాలు ఈ కుక్కను మరల నీటి దగ్గరకు తీసుకొని పోయాయి. అడవి బాతులను, గడ్డి మైదానాల్లోని ఫెజంటు కోళ్ళను, క్వెయిల్ అనే పూరేడు జాతి పిట్టలను వేటాడే ఇండ్లలో పెద్ద పూడిల్‌ను పెంచి, పిల్లలు పెట్టించి, తమవంటి ఇండ్లకే ఇస్తున్నారు. అమెరికా పూడిల్ క్లబ్బువారు పని పరీక్షలు పెట్టి, నేలమీద, నీటిలో పిట్టను వెదకి తెచ్చిన కుక్కలకు యోగ్యతాపత్రాలు ఇస్తున్నారు. లాబ్రడార్ వంటి కుక్కలు పాల్గొనే వేట పరీక్షలలోకి కూడా పెద్ద పూడిల్‌కు ప్రవేశం ఉన్నది.

ఈ కుటుంబాలు పిల్లలను పెంచే తీరే మమ్మును ఈ వ్యాసం వ్రాయడానికి పురికొల్పింది. వేటకుక్క అంటే పెరట్లో బోనులో, మనుష్యులకు దూరంగా, కఠినంగా పెంచాలని మన దగ్గరా ఒక నమ్మకం ఉన్నది. ముద్దు చేస్తే పనికి చెడుతుందంటారు. ఈ ఇండ్లవారు సరిగ్గా తలక్రిందులుగా చేస్తున్నారు. పిల్లలను వంటింటి ప్రక్కన, పసిబిడ్డల మధ్య, గిన్నెల చప్పుడులో పెంచుతున్నారు. పనిలో గట్టిగా నిలబడే కుక్క అక్కడనుండే వస్తున్నది. ఇది వారి ముచ్చట మాత్రమే అనుకోకండి, దీని వెనుక గట్టి కారణమున్నది.

తిరిగి రాని వారాలు

కుక్క చూలు సుమారు 63 దినాలు. పెద్ద పూడిల్ ఒక ఈతలో ఆరు నుండి ఎనిమిది పిల్లల వరకు పెట్టడం సాధారణం. పుట్టినప్పుడు వాటికి చూపు లేదు, వినికిడి లేదు, ఒంటి వేడిని నిలుపుకొనే శక్తి కూడా లేదు. మొదటి రోజు తల్లి దగ్గర త్రాగే ముర్రుపాలే వాటికి రక్షణ. పది నుండి పద్నాలుగు రోజులలో కళ్ళు తెరుస్తాయి, మూడవ వారానికి చెవులు వింటాయి. పేగుల్లోని ఏలిక పాములు తల్లినుండే పిల్లకు వస్తాయి గనుక రెండవ వారం నుండే నట్టల మందు మొదలుపెట్టాలని పశువైద్యులు చెబుతారు. అది రెండు వారాలకు ఒకసారి కొనసాగుతుంది. మన ఊళ్ళలో పిల్ల పొట్ట ఉబ్బి ఉంటే "బాగా తిన్నది" అని మురిసిపోతాము. చాలాసార్లు అది తిండి కాదు, పాములు.

మూడవ వారం నుండి అసలు కథ ప్రారంభమవుతుంది. అమెరికాలో మేయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్ అనే చోట స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో గ్రంథం ప్రచురించారు. అంతకు ముందు 1961లో అక్కడి పనినుండే మరొక ఫలితం వెలువడింది. కొన్ని పిల్లలను ఎత్తైన కంచె గల పొలంలో తల్లితో ఉంచి, మనుష్యుల స్పర్శ లేకుండా పెంచారు. వాటిలో కొన్నింటిని వేరు వేరు వయస్సులలో ఒక్కొక్క వారం ఇంటిలోనికి తెచ్చి ఆడించారు. కొన్నింటిని పద్నాలుగు వారాలు నిండేవరకు ముట్టుకోలేదు. ఆ చివరి పిల్లలు ఆ తరువాత ఎంత బుజ్జగించినా మనిషిని చూచి బెదిరే అడవి జంతువుల వలెనే ఉండిపోయాయి. మూడవ వారం మొదలు పన్నెండు, పద్నాలుగు వారాల వరకు ఉన్న ఆ కొద్ది కాలంలో పిల్ల దేనిని చూస్తే, వింటే, వాసన చూస్తే అది దాని లోకంలో భాగమవుతుంది. ఆ తలుపు మూసుకొన్న తరువాత క్రొత్తదంతా భయమే.

ఇప్పుడు వేటను తలచుకోండి. తుపాకి ప్రేలుతుంది. పిట్టల రెక్కలు టపటపలాడతాయి. క్రొత్త మనుష్యులు, క్రొత్త పడవలు, బురద, ముళ్ళు, లోతైన నీరు. వీటన్నిటి నడుమ కుక్క తల నిలుపుకొని యజమాని సైగను చూడాలి. ఏ చప్పుడూ ఎరుగక బోనులో పెరిగిన పిల్ల దానికి తట్టుకోలేదు. పళ్ళెం క్రిందపడితే తల ఎత్తి చూచి మళ్ళీ నిద్రపోయే పిల్ల తట్టుకొంటుంది. ఇంటిలో బిడ్డలు ఏడవడం, ప్రెషర్ కుక్కర్ కూయడం, బంధువులు రావడం, ఇవన్నీ దానికి పాఠాలే. కుటుంబంలో పెంచడం వేటకు ఆటంకం కాకపోగా వేటకు వేసే పునాది అదే అవుతున్నది.

ఆ కుటుంబాలు చేసే పనులలో కొన్ని వినడానికి చిన్నవి. నాలుగవ వారంలో పిల్లలు గంజి వంటి మెత్తని ఆహారం నాకుతూ ఉన్నప్పుడు, దూరపు గదిలో ఎవరో ఒక చప్పుడు చేస్తారు. తిండి మీద ధ్యాస ఉన్నందున పిల్ల ఆ చప్పుడుకు భయపడదు, పైగా చప్పుడు వినబడితే మంచి జరుగుతుందని దానికి తెలుస్తుంది. దినదినం అది కొంచెము దగ్గరకు వస్తుంది. ఐదు, ఆరు వారాలప్పుడు ఎండబెట్టిన బాతు రెక్కను నడవాలో విసురుతారు. ఏ పిల్ల ముందు పరుగెత్తింది, ఏది నోట కరచుకొన్నది, ఏది తిరిగి మనిషి దగ్గరకు తెచ్చింది, ఏది మూలకు పోయి చింపుకొన్నది, ఇవన్నీ వ్రాసి పెట్టుకొంటారు. పూడిల్‌లో మరొక పని కూడా ఇప్పుడే మొదలవుతుంది. మూతి, పాదాలు మెల్లగా గొరిగి, యంత్రం చప్పుడుకూ దువ్వెనకూ అలవాటు చేస్తారు. జీవితమంతా క్షవరం చేయించుకోవలసిన కుక్కకు ఆ అలవాటు పాలు మరువక ముందే కావాలి.

ఏడెనిమిది వారాల తర్వాత పిల్లలు ఒక్కొక్కటిగా వెళ్ళిపోతాయి. ఎవరికి ఏది అన్న నిర్ణయం అప్పటివరకు వ్రాసి పెట్టుకొన్న పుస్తకాన్ని బట్టి జరుగుతుంది. "మాకు ఆ చాక్లెట్ రంగుది కావాలి" అంటే ఇవ్వరు. నడవాలో రెక్కను వదలని చురుకైన పిల్ల వేట ఇంటికి పోతుంది. నెమ్మదిగా వచ్చి ఒడిలో తల పెట్టేది వృద్ధ దంపతుల ఇంటికో, చిన్నబిడ్డల ఇంటికో పోతుంది. రంగును చూచి ఇచ్చే పద్ధతి కంటె ఇది ఎంతో మేలని మా అభిప్రాయం.

ఒక చిక్కు ఉన్నది. 1978లో పార్వో అనే వైరస్ వ్యాధి కుక్కలలో క్రొత్తగా బయలుదేరింది. రక్తవిరేచనాలతో పిల్లలు రెండు మూడు రోజులలో చచ్చిపోతాయి. టీకాలు ఆరు నుండి ఎనిమిదవ వారంలో మొదలై పదహారు వారాల వరకు సాగుతాయి. ఆ టీకాలు పూర్తి అయ్యేదాకా బయటికి తీసుకొని పోవద్దంటే, పైన చెప్పిన పద్నాలుగు వారాలు గడిచిపోతాయి. తీసుకొని పోతే వ్యాధి భయం. రెండూ నిజమైన భయాలే. తెలివైన కుటుంబాలు మధ్య మార్గం పట్టాయి. పిల్లను నేలమీద దించకుండా చంకన పెట్టుకొని బజారు చూపించడం, టీకాలు వేసిన కుక్కలు మాత్రమే ఉన్న ఇండ్లకు తీసుకొని పోవడం, క్రొత్త మనుష్యులనే ఇంటికి పిలవడం. వీధి కుక్కలు తిరిగిన మట్టిలో మాత్రం దించరు.

రెక్కనుండి నీటివరకు

వేట నేర్పడంలో వారు పాటించే క్రమం వింటే, వయోజన విద్య నడిపిన వారికి ముచ్చట వేస్తుంది. ఒక్కొక్క భయాన్ని వేరుగా తీసుకొంటారు, రెండింటిని ఒకే రోజు కలపరు.

పిల్ల ఏదైనా నోట పట్టి తెచ్చినప్పుడు వెంటనే లాక్కోకూడదు. ఇది మొదటి పాఠం, మనుష్యులకు పాఠం. అది చెప్పును తెచ్చినా సరే, కొట్టకూడదు. మెల్లగా మెడ నిమిరి, మెచ్చుకొని, తరువాత తీసుకొని, దానికి బదులు వేరొకటి ఇవ్వాలి. చెప్పు తెచ్చినందుకు దెబ్బలు తిన్న పిల్ల, రేపు బాతును తెచ్చి చేతిలో పెడుతుందా? మనిషి దగ్గరకు తెస్తే పోగొట్టుకొంటాను అని నేర్చుకొన్న కుక్క ఆమడ దూరంలో నిలబడి చూస్తుంది. నాలుగు నుండి ఆరు నెలల మధ్య పాలపళ్ళు ఊడి క్రొత్తవి వచ్చేటప్పుడు చిగుళ్ళు నొస్తాయి గనుక ఈ ఆట తగ్గిస్తారు. నొప్పిని పిట్టతో ముడిపెట్టుకొంటే నోటికి పట్టడమే మానుకొంటుంది.

నీటిని వేసవిలోనే పరిచయం చేస్తారు, మెల్లగా లోతెక్కే ఒడ్డున, యజమాని ముందు తాను మోకాళ్ళ లోతు దిగి పిలుస్తాడు. ఈత పుట్టుకతో వచ్చిందని పిల్లను ఎత్తి చెరువులో పడవేసే వారు మన దగ్గరా ఉన్నారు. అట్లా పడవేసిన కుక్కలు ఈదుతాయి, నిజమే. కాని మరుసటి రోజు చెరువు గట్టు ఎక్కవు.

తుపాకి ఆఖరున వస్తుంది. పిల్ల పిట్ట వెంట ఆనందంగా పరుగెత్తుతున్నప్పుడు, చాలా దూరంలో, తూటా లేని చిన్న తుపాకిని ఒక్కసారి ప్రేలుస్తారు. పిల్ల తిరిగి చూడకపోతే మరొక రోజు కొంచెము దగ్గర. తిరిగి చూచి తోక ముడిస్తే నెల రోజులు ఆ ఊసే ఎత్తరు. చప్పుడుకు ఒకసారి చెడిన కుక్కను బాగుచేయడం బహు కష్టం. "చెవికి అలవాటు కావాలి" అని దీపావళి రోజున పిల్లను టపాకాయల మధ్య కట్టివేసే వారున్నారు. దయచేసి అట్లా చేయకండి.

ఎదిగిన కుక్క గడ్డిలో అటూ ఇటూ తిరుగుతూ పిట్టను లేపుతుంది. తుపాకి రవ్వలు నమ్మకంగా పనిచేసే దూరం సుమారు 40 గజాలు. గనుక కుక్క 20, 30 గజాల లోపలే తిరగాలి. అది హద్దు దాటి పోతే లేచిన పిట్ట ఎవరికీ దక్కదు. పూడిల్ మాటిమాటికి యజమాని ముఖం వైపు చూచే కుక్క గనుక ఈ హద్దును సులువుగా నేర్చుకొంటుందని పెంచినవారు చెబుతారు. అదే గుణం దాని బలహీనత కూడా. గట్టిగా అరచినా, చేయి ఎత్తినా కొన్ని కుక్కలు దులుపుకొని పోతాయి, ఇది మనస్సులో పెట్టుకొంటుంది. కోపిష్టి వేటగాడికి ఈ జాతి పనికిరాదు.

దీని జుట్టు ఒక భారమే. కుక్కలలో చాలా జాతులకు పైజుట్టు క్రింద మెత్తని లోజుట్టు ఉంటుంది, పూడిల్‌కు ఉన్నది ఒకే పొర. అది రాలదు, పెరుగుతూనే ఉంటుంది. దువ్వకపోతే జడలు కట్టి చర్మాన్ని లాగుతుంది. పొలంలో పల్లేరు కాయలు, మరులమాతంగి కాయలు అంటుకొంటే విడదీయడానికి ఒక సాయంత్రం పోతుంది. వేట కుటుంబాలు బంతులూ అలంకారాలూ విడిచిపెట్టి ఒంటికి అంటినట్టు కత్తిరిస్తారు. గడ్డకట్టే నీటిలో లోజుట్టు లేని లోటు తెలుస్తుంది గనుక రబ్బరు చొక్కా తొడుగుతారు. వ్రేలాడే చెవుల లోపల తడి నిలిచి పుండ్లు పడతాయి, ఈత అయిన ప్రతిసారి తుడవాలి.

ఈ కుక్కకు హద్దు ఎక్కడున్నదో తెలిపిన సంగతి అలాస్కాలో జరిగింది. జాన్ సూటర్ అనే ఆయన 1988 నుండి 1991 వరకు, మంచులో వెయ్యి మైళ్ళు సాగే ఇడిటరాడ్ బండి పందెంలో పెద్ద పూడిళ్ళను పూన్చి నడిపాడు. అవి లాగాయి, గమ్యం చేరాయి కూడా. కాని కొన్నింటి పాదాలు మంచుకు గడ్డకట్టాయి, జుట్టు నేలకు అతుక్కొన్నది. తరువాత ఆ పందెంలో ఉత్తర మంచుదేశపు జాతులు మాత్రమే పాల్గొనాలని నియమం పెట్టారు. సరియైన నియమమని మేము అనుకొంటున్నాము. ఇష్టంగా చేస్తున్నది గదా అని ఏ పనైనా చేయించవచ్చుననుకోకూడదు.

వేటను గూర్చి మన పాఠకులలో కొందరికి మనస్సు ఒప్పకపోవచ్చు. అక్కడి చట్టాన్ని కూడా చెప్పాలి. అమెరికాలో వలస పక్షుల రక్షణకు 1918లో చట్టం వచ్చింది. ఏ కాలంలో, ఏ పక్షిని, రోజుకు ఎన్ని అని లెక్క ఉంటుంది. 1934 నుండి బాతు వేటగాళ్ళు ప్రత్యేకమైన స్టాంపు కొనాలి, ఆ సొమ్ము చిత్తడి నేలల రక్షణకు పోతుంది. నీటి పక్షుల వేటలో సీసపు రవ్వలను 1991 నుండి దేశమంతటా నిషేధించారు. కొట్టిన పక్షిని వెదకి తీసుకోవడానికి తగిన ప్రయత్నం చేయాలని కూడా నియమమున్నది. గాయపడి రెల్లులో దూరిన బాతు దినాల తరబడి బాధపడి చస్తుంది. దానిని మనిషి కనుగొనలేడు, కుక్క ముక్కు కనుగొంటుంది. ఆ దేశంలో మంచి వేటకుక్క విలువ సగం అక్కడే ఉన్నది.

మన ఇండ్లలో

మన దేశంలో ఈ ప్రశ్నకు తావులేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని సవరణలు అడవి పక్షుల వేటను నేరంగా నిర్ణయించాయి. కొల్లేరులో బాతులను, పులికాట్‌లో రాజహంసలను, పొలం గట్టున కౌజుపిట్టను, కుందేలును కూడా కుక్కతో వేటాడితే శిక్ష తప్పదు. "తాతల కాలంనుండి ఉన్నదే" అనే మాట పోలీసు దగ్గర చెల్లదు.

అయినా పూడిళ్ళు మన దగ్గరకు వచ్చాయి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం ఇండ్లలో చిన్న రకాలు కనబడుతున్నాయి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన బిడ్డల ఇండ్లలో పూడిల్ సంకరాలు ఉన్నాయి. ఆ సంకరాలకు పేరు తెచ్చినది 1989లో ఆస్ట్రేలియాలోని ఒక అంధుల మార్గదర్శక కుక్కల సంస్థ. హవాయిలో ఉన్న ఒక అంధురాలి భర్తకు కుక్క జుట్టు పడనందున, అక్కడ పనిచేసిన వాలీ కాన్రన్ లాబ్రడార్‌నూ పూడిల్‌నూ కలిపాడు. తరువాత ఎవరు పడితే వారు ఏ పరీక్షలూ లేకుండా ఇట్టి పిల్లలను పుట్టించి అమ్మడం చూచి ఆయనే విచారపడ్డాడు. అలర్జీ కలిగించని కుక్క అంటూ ఏదీ లేదు. అలర్జీ చుండులోనూ లాలాజలంలోనూ ఉన్నది. కుటుంబంలో ఉబ్బసం ఉన్నవారుంటే ఆ కుక్క ఉన్న ఇంట్లో కొన్నిసార్లు గడిపి చూచుకొని తరువాత నిర్ణయించండి.

మేము కుటుంబ సందర్శనకు వెళ్ళే ఇండ్లలో గేటు దగ్గర మమ్మును మొదట పలకరించేది కుక్కే. ఖరీదైన జాతి కుక్కలు గొలుసుకు కట్టబడి, జుట్టు ఉండలు కట్టి, మొరిగి మొరిగి గొంతు పోయి ఉండడం మేము చూస్తున్నాము. వాటిలో కొన్ని వేటకొరకు తరతరాలుగా ఎంచబడిన జాతులే. పనికొరకు పుట్టిన తెలివికి పని దొరకకపోతే అది మొరగడంలోకి, పరుపులు చింపడంలోకి, బిడ్డలను బెదిరించడంలోకి దిగుతుంది. వేట లేకపోయినా వెదకే పని ఇవ్వవచ్చు. ఒక పాత తువాలును వరండాలో దాచి తెమ్మనండి. రెండు గదులు దాటి దాచండి. చెరువు గట్టున రబ్బరు బంతి విసరండి. పదేళ్ళ బిడ్డ పూటకు పదిహేను నిమిషాలు ఇది చేస్తే చాలు, కుక్క సాయంత్రం ప్రశాంతంగా పడుకొంటుంది. ఎండాకాలంలో మాత్రం తెల్లవారుజామునే.

జబ్బులలో ఒకదానిని గూర్చి ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాము. లోతైన రొమ్ము గల పెద్ద కుక్కలలో, పెద్ద పూడిల్‌తో సహా, కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగే ప్రమాదమున్నది. పొట్ట బిగుసుకొని, వాంతి కోసం ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే తెల్లవారేదాకా ఆగకండి. గంటల్లో ప్రాణం పోతుంది. నిండుగా తిన్న వెంటనే పరుగెత్తించకండి.

రేబీస్ టీకా మూడు నెలలు నిండగానే వేయించాలి, ఆ తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం మరల వేయించాలి. "పిల్లే గదా, పాలపన్ను గీరింది" అని పల్లెల్లో అశ్రద్ధ చేస్తారు. పిల్లకు కూడా రేబీస్ ఉండవచ్చు. ఏ కుక్క గీరినా కరచినా పారే నీటి క్రింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపు, సున్నం, కారం పెట్టకండి.

పిల్లను తెచ్చుకోదలచినవారు తల్లిని చూపించమని అడగండి. తల్లి బెదురుగా మూలకు పోతుందా, వచ్చి చేయి వాసన చూస్తుందా గమనించండి. తుంటి కీళ్ళ ఎక్స్‌రే, కంటి పరీక్ష తల్లికీ తండ్రికీ జరిగినవో లేవో అడగండి. అమెరికాలో తుంటి కీళ్ళకు రెండేళ్ళు నిండిన తర్వాతే తుది ధృవపత్రం ఇస్తారు, అంతకంటె ముందు పిల్లలు పెట్టించినవారిని వారు నమ్మరు. మన దేశంలో 2017లో వచ్చిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నెల పిల్లను అట్టపెట్టెలో పెట్టి చూపించేవాడు ఆ నియమాన్ని మీ ఎదుటనే మీరుతున్నాడు. జాలిపడి కొంటే రేపు మరొక పెట్టె తెస్తాడు.

తెచ్చిన మొదటి రాత్రి పిల్ల ఏడుస్తుంది. అన్నదమ్ముల వెచ్చదనం మధ్య పడుకొన్నది, ఇప్పుడు ఒంటరిది. తల్లి పడుకొన్న పాత గుడ్డ ఒకటి అడిగి తెచ్చుకొని దాని క్రింద పరచండి. పెరట్లో కట్టివేయకండి, మనుష్యులు పడుకొన్న గదిలోనే ఒక మూల చోటివ్వండి. రాత్రి ఒకటి రెండుసార్లు మూత్రానికి బయటికి తీసుకొని పోవలసి వస్తుంది, అది తప్పదు. మూడవ రాత్రికో నాలుగవ రాత్రికో ఇంటివారి ఊపిరి చప్పుడుకు అలవాటుపడి తెల్లవార్లూ నిద్రపోతుంది.